ప్రోటీన్ తయారీ ఆగిపోయిన మాక్రోఫేజ్ సాయం ఎలా పిలుస్తుంది? లెజియోనెల్లా న్యుమోనియాలో కణాల మధ్య సంకేతాలు

ప్రశ్న: డిగ్రీ అధ్యాపకురాలు, సూక్ష్మజీవశాస్త్రం

అందరికీ నమస్కారం. రోగనిరోధక వ్యవస్థ పాఠంలో భాగంగా లెజియోనెల్లా న్యుమోఫిలా అనే బ్యాక్టీరియా గురించి చెబుతుండగా, మూడో సంవత్సరం విద్యార్థిని ఒకరు అడిగిన ప్రశ్నను మీ ముందు ఉంచుతున్నాను.

గాలితో పాటు లోపలికి వచ్చిన ఈ బ్యాక్టీరియాను ఊపిరితిత్తుల వాయుగోణుల్లో (గాలి సంచుల్లో) ఉండే మాక్రోఫేజ్ అనే భక్షక కణం మింగుతుంది, కాని జీర్ణం చేసుకోలేదు. బ్యాక్టీరియా తనలోని నాలుగో రకం స్రావక వ్యవస్థ అనే సూది లాంటి యంత్రాంగం ద్వారా 300 కు పైగా ప్రోటీన్లను ఆ కణంలోకి పంపి, తాను ఉన్న సంచి, కణంలో జీర్ణం చేసే లైసోజోముతో కలవకుండా చూసుకుని, అక్కడే కాపురం పెట్టి పెరుగుతుంది. ఆ 300 లో కొన్ని నేరుగా కణం ప్రోటీన్ తయారీనే అడ్డుకుంటాయి. విద్యార్థిని ప్రశ్న ఇక్కడే మొదలైంది: కణాలు సంకేతాలుగా విడుదల చేసే సైటోకైన్లు, ఇతర కణాలను రప్పించే కీమోకైన్లు అన్నీ ప్రోటీన్లే కదా, వాటిని తయారు చేసే యంత్రాంగమే ఆగిపోయినప్పుడు ఆ కణం న్యూట్రోఫిళ్ళు, మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలను ఎలా పిలుస్తుంది? పిలవడం లేదని అనుకోవడానికీ వీల్లేదు, ఎందుకంటే ఈ రోగుల ఎక్స్‌రేలో కనిపించే తెల్లటి మచ్చలు ఆ కణాలూ, వాటితో పాటు వచ్చిన ద్రవమూ వాయుగోణుల్లో నిండినందువల్ల ఏర్పడేవే.

మన పాఠ్యపుస్తకాలు మాక్రోఫేజ్‌కు ఒక పేరా, న్యూట్రోఫిల్‌కు ఒక పేరా, టి కణానికి ఒక పేరా ఇచ్చి ఊరుకుంటాయి. ఒకదాని పని మరొకదాని పనిని ఎలా మారుస్తుందో చెప్పవు. ఈ ఒక్క జబ్బును పట్టుకుని ఆ సంగతి వివరంగా చెప్పగలవారు ఉంటే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం 1: పరిశోధక విద్యార్థి, ఇమ్యునాలజీ

మేడమ్ గారూ, మీ విద్యార్థిని అడిగిన ప్రశ్ననే ఈ రంగంలో పనిచేసే పరిశోధకులు చాలా ఏళ్ళ పాటు అడిగారు. దానికి ఇప్పుడు చాలావరకు స్పష్టమైన జవాబు ఉంది. క్లుప్తంగా చెప్పాలంటే, సోకిన కణం తాను చేయవలసిన పనిలో పెద్ద భాగాన్ని సోకని పొరుగు కణాల చేత చేయిస్తుంది.

ముందు దీన్ని ఎలా కనిపెట్టారో చెబుతాను, ఎందుకంటే ప్రయోగమే సగం జవాబు. ఊపిరితిత్తి నుంచి తీసిన కణాలన్నీ కలగలిసి ఉంటాయి. వాటిలో బ్యాక్టీరియా తన ప్రోటీన్లు ఎక్కించిన కణమేదో, దాని పక్కన ఉండి కూడా ఆ దెబ్బ తగలనిదేదో విడదీయాలి. అందుకోసం బ్యాక్టీరియా పంపే ప్రోటీన్లలో ఒకదానికి బీటా లాక్టమేజ్ అనే ఎంజైమును అతికించారు. ఎలుకకు ఆ బ్యాక్టీరియాను ఎక్కించి, తరువాత ఊపిరితిత్తుల కణాలను తీసి ఒక ప్రత్యేకమైన రంగులో నానబెట్టారు. మామూలుగా ఆకుపచ్చగా వెలిగే ఆ రంగును ఈ ఎంజైము కోస్తే నీలంగా వెలుగుతుంది. కాబట్టి దెబ్బ తగిలిన కణాలు నీలంగానూ, తగలనివి ఆకుపచ్చగానూ కనిపించాయి. అప్పుడు ఏ రంగు కణం ఏ సైటోకైన్‌ను తయారు చేస్తున్నదో విడివిడిగా లెక్కించడం సాధ్యమైంది.

నీలం కణాల్లో ప్రధానంగా ఉన్నవి వాయుగోణుల మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిళ్ళు. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-1 ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే సైటోకైన్లు కనిపించాయి. కాని బ్యాక్టీరియాను అదుపు చేయడానికి అత్యవసరమైన టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-12 వంటివి ఎక్కువగా ఆకుపచ్చ కణాల్లోనే, అంటే దెబ్బ తగలని పొరుగు కణాల్లోనే ఉన్నాయి. ఇంటర్‌ల్యూకిన్-1 ను అందుకునే గ్రాహకం లేని ఎలుకల్లో ఈ పొరుగు కణాల స్పందన బాగా తగ్గిపోయింది. ఇంటి యజమాని నోరు కట్టేసినా, అతడు గోడ తట్టి పక్కింటివారిని లేపితే, కేకలు వేసే పని వారు చేసినట్టు ఉంటుంది ఇది.

ప్రోటీన్ తయారీ ఆగిన కణంలో ఇంటర్‌ల్యూకిన్-1 మాత్రం ఎలా తయారవుతుందని మీ విద్యార్థిని తప్పక అడుగుతుంది. తయారీ పూర్తిగా ఆగదు, చాలావరకు ఆగుతుంది. బ్యాక్టీరియాను పసిగట్టే టోల్ గ్రాహకాల నుంచి మైడి88 అనే ప్రోటీన్ ద్వారా వచ్చే సంకేతం వల్ల, ఇంటర్‌ల్యూకిన్-1 కు సంబంధించిన ఆర్‌ఎన్‌ఏ చాలా పెద్ద మొత్తంలో పోగవుతుంది. మిగిలి ఉన్న కొద్దిపాటి తయారీ సామర్థ్యం దానికే దక్కుతుంది. పైగా ఈ సైటోకైన్ బయటికి వచ్చే దారి కూడా వేరు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను ఇన్‌ఫ్లమసోమ్ అనే ప్రోటీన్ల సముదాయంలోని కాస్పేజ్-1 ఎంజైము కోసి పదును పెడుతుంది, తరువాత కణపు పొరలో పడిన రంధ్రాల గుండా అది బయటపడుతుంది. ఇంటర్‌ల్యూకిన్-1 ఆల్ఫాకు ఆ కోత కూడా తప్పనిసరి కాదు, కణం పగిలితే చాలు. చనిపోతున్న కణం కూడా సంకేతం ఇవ్వగలదు అన్నమాట.

ఇంతవరకు కథ తెల్ల రక్తకణాల మధ్యే నడిచింది. దీని తరువాతి అంకం నాకు ఇంకా ఇష్టమైనది. ఇంటర్‌ల్యూకిన్-1 ను అందుకునేవి రక్తకణాలు మాత్రమే కావు, వాయుగోణి గోడలో ఉండి, అది ముడుచుకుపోకుండా చూసే సర్ఫాక్టంట్‌ను స్రవించే రెండో రకం ఉపకళా కణాలు కూడా దాన్ని అందుకుంటాయి. అందుకున్న వెంటనే అవి రెండు పనులు చేస్తాయి. ఒకటి, న్యూట్రోఫిళ్ళను రక్తనాళాల నుంచి రప్పించే కీమోకైన్లను విడుదల చేయడం. రెండోది, జీఎం-సీఎస్ఎఫ్ అనే పెరుగుదల కారకాన్ని విడుదల చేయడం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని సన్నీ షిన్ బృందం 2020 లో చూపించినదేమిటంటే, ఈ జీఎం-సీఎస్ఎఫ్ అందుకున్న మోనోసైట్లు తమ జీవక్రియనే మార్చుకుంటాయి. గ్లూకోజును ఎక్కువ వేగంతో వాడుకునే గ్లైకోలిసిస్ వైపు మళ్ళి, ఆ బలంతో టీఎన్ఎఫ్ వంటి సైటోకైన్లను ఎక్కువగా తయారు చేస్తాయి. అంటే సోకిన మాక్రోఫేజ్ ఉపకళా కణానికి చెబుతుంది, ఉపకళా కణం మోనోసైట్‌కు చెబుతుంది, మోనోసైట్ బ్యాక్టీరియాపై పోరుకు సిద్ధమవుతుంది. ఈ గొలుసులో మధ్యనున్న లంకె అసలు రోగనిరోధక కణమే కాదు. పుస్తకాల్లో ఉపకళా కణాలను వట్టి గోడగా వర్ణించడం సరి కాదని నేను గట్టిగా అనుకుంటాను.

పోరు ఎలా జరుగుతుందంటే, మోనోసైట్లు, డెండ్రైటిక్ కణాలు ఇచ్చిన ఇంటర్‌ల్యూకిన్-12, న్యూట్రోఫిళ్ళ నుంచి వచ్చిన ఇంటర్‌ల్యూకిన్-18 కలిసి ఎన్‌కే కణాలు (నేచురల్ కిల్లర్ అనే తెల్ల రక్తకణాలు) అనేవాటిని ప్రేరేపిస్తాయి. అవి ఇంటర్‌ఫెరాన్ గామాను విడుదల చేస్తాయి. ఆ ఇంటర్‌ఫెరాన్ తిరిగి మాక్రోఫేజ్‌లనే చేరి, బ్యాక్టీరియాకు ఇనుము దొరకకుండా చేయడంతో పాటు, దాని పెరుగుదలను ఇతర మార్గాల్లో కూడా అడ్డుకుంటుంది. న్యూట్రోఫిల్ అంటే మింగి చంపి చనిపోయే కణమని మాత్రమే అనుకునేవారికి, అది ఎన్‌కే కణాలకు ఆదేశమిచ్చే కణం కూడా అన్న సంగతి కొత్తగా ఉంటుంది.

చివరగా, ఈ బ్యాక్టీరియా ఇంత తెలివిగా మాక్రోఫేజ్ నోరు కట్టేయగలిగి కూడా పొరుగు కణాలను ఎందుకు వదిలేసింది? దీనికి నా దృష్టిలో అత్యంత సమంజసమైన జవాబు దాని పుట్టింట్లో ఉంది. లెజియోనెల్లా మంచినీటిలోని అమీబాల్లో పెరుగుతుందని 1980 లో బ్రిటన్‌కు చెందిన రోబోథమ్ చూపించారు. మనిషి నుంచి మనిషికి ఇది వ్యాపించదనే చెప్పవచ్చు, అలా సంక్రమించే అవకాశముందని అనిపించిన సందర్భం ఒక్కటే నమోదైంది. అందువల్ల మన శరీరంలో అది నేర్చుకున్న పాఠం ముందు తరాలకు అందదు. దాని 300 ఆయుధాలూ ఒంటరిగా బతికే అమీబాపై పదును పెట్టుకున్నవి. అమీబాకు సైటోకైన్లు లేవు, కబురు పెడితే వచ్చే న్యూట్రోఫిళ్ళు లేవు. కణాలు ఒకదానికొకటి చెప్పుకునే శరీరాన్ని ఎదుర్కొనే అవసరం దానికి ఎన్నడూ రాలేదు. అందుకే అది ఈదడానికి వాడే తోక లాంటి కశాభంలోని ఫ్లాజెల్లిన్ ప్రోటీన్‌ను కూడా దాచుకోదు. ఎలుక మాక్రోఫేజ్‌లో నైప్-5 అనే గ్రాహకం ఆ ఫ్లాజెల్లిన్‌ను పసిగట్టి కణాన్నే పేల్చేస్తుంది, అందువల్ల చాలా జాతుల ఎలుకల్లో లెజియోనెల్లా నిలవలేదు.

సమాధానం 2: ఛాతీ వైద్యుడు

పై సమాధానం చాలా బాగుంది. అయితే ఇవన్నీ ఎలుకల్లో చేసిన ప్రయోగాలు కాబట్టి, మనుషుల్లో ఈ సంకేతాలకు ఎంత విలువ ఉన్నదో వైద్యుల అనుభవం నుంచి రెండు మాటలు చేర్చడం అవసరమనుకుంటున్నాను.

మొదటిది టీఎన్ఎఫ్. కీళ్ళవాతానికి, పేగుల్లో వచ్చే క్రోన్స్ వ్యాధికి ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్ వంటి టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులు వాడుతున్నాం. ఈ మందులు వాడేవారిలో లెజియోనెల్లా, లిస్టీరియా అనే రెండు బ్యాక్టీరియాల ముప్పును హెచ్చరికల్లో చేర్చాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరులో ఆదేశించింది. అంతకు పదేళ్ళ ముందే, 2001 లో, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడిన 70 మందిలో క్షయ బయటపడిన వివరాలు ప్రచురితమయ్యాయి. ఒకే ఒక్క సైటోకైన్‌ను తొలగించి చూస్తే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే సాక్ష్యం మనుషుల్లో మరొకటి దొరకడం కష్టం. అందుకే ఈ మందు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్షలు తప్పనిసరిగా చేస్తాము.

రెండోది జీఎం-సీఎస్ఎఫ్. కొందరిలో శరీరం ఈ ప్రోటీన్‌కు వ్యతిరేకంగా తానే ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. అప్పుడు వాయుగోణుల మాక్రోఫేజ్‌లు పూర్తిగా పరిపక్వం కావు, పాత సర్ఫాక్టంట్‌ను శుభ్రం చేయలేవు. అది వాయుగోణుల్లో పేరుకుపోయి ఆయాసం వస్తుంది. దీన్ని పల్మనరీ ఆల్వియోలార్ ప్రోటీనోసిస్ అంటారు. ఆ రోగుల్లో నోకార్డియా అనే బ్యాక్టీరియా వంటివాటి ఇన్ఫెక్షన్లు మామూలుకంటే ఎక్కువగా కనిపిస్తాయి. ఉపకళా కణం నుంచి మాక్రోఫేజ్‌కు వెళ్ళే సంకేతం ఇన్ఫెక్షన్ వచ్చిన రోజున మాత్రమే కాక ఏడాది పొడుగునా అవసరమని ఈ జబ్బు చెబుతుంది.

ఈ బ్యాక్టీరియా పేరు కూడా ఒక వరుస మరణాల నుంచి వచ్చినదే. 1976 జులైలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో అమెరికన్ లీజియన్ మాజీ సైనికుల సమావేశం జరిగింది. ఆ నగరంలో ఆ సమయంలో న్యుమోనియా సోకిన 221 మందిలో 34 మంది చనిపోయారు. కారణమైన బ్యాక్టీరియాను కొన్ని నెలల తరువాత జోసెఫ్ మెక్‌డేడ్ గుర్తించారు. పైన చెప్పిన 2020 నాటి పరిశోధన కూడా అదే నగరంలో జరగడం నాకు ఎప్పుడూ గుర్తుండే సంగతి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. అమీబా సంగతి రేపటి తరగతిలో తప్పక చెబుతాను.

మీ సమాధానాల నుంచి మరో సందేహం పుట్టింది. పొరుగు కణాలన్నీ ఒకదాన్నొకటి ప్రేరేపిస్తూ పోతే ఆ ప్రేరణ ఎక్కడ ఆగుతుంది? న్యూట్రోఫిళ్ళు విడుదల చేసే ఎలాస్టేజ్ వంటి ఎంజైములు బ్యాక్టీరియాకూ వాయుగోణి గోడకూ తేడా చూడవు కదా. బ్యాక్టీరియా చనిపోయిన తరువాత ఆపమని ఎవరు చెబుతారు? లెజియోనెల్లాకే పరిమితం కాకుండా మామూలు న్యుమోనియాను కూడా కలిపి చెప్పండి.

సమాధానం 3: పరిశోధక విద్యార్థి, ఇమ్యునాలజీ

మేడమ్ గారూ, దీనికి రెండు భాగాలుగా చెప్పాలి. అసలు పిలుపే అవసరం లేకుండా చూడడం మొదటిది, వచ్చినవారిని పంపించడం రెండోది.

మొదటిదాన్ని కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో పాల్ క్యూబ్స్ బృందం 2020 లో చాలా అందంగా చూపించింది. బతికి ఉన్న ఎలుక ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినితో చూస్తే, ఒకచోటే అంటిపెట్టుకుని ఉంటాయనుకున్న వాయుగోణుల మాక్రోఫేజ్‌లు నిజానికి పాకుతూ తిరుగుతున్నాయి. ఒక వాయుగోణి నుంచి పక్కదానిలోకి, గోడల్లో ఉండే కోన్ రంధ్రాల గుండా వెళుతున్నాయి. మాక్రోఫేజ్‌ల సంఖ్య వాయుగోణుల సంఖ్య కంటే తక్కువ కాబట్టి ఈ గస్తీ తప్పదు. గాలితో వచ్చిన సూడోమోనాస్, స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియాను అవి వెతుక్కుంటూ వెళ్ళి మింగేస్తున్నాయి. మింగడం వల్ల ఆ బ్యాక్టీరియా న్యూట్రోఫిళ్ళ కంట పడదు. ఈ పాకడాన్ని అడ్డుకున్నప్పుడు అనవసరంగా న్యూట్రోఫిళ్ళు గుంపుగా వచ్చి ఊపిరితిత్తికి గాయం చేశాయి. అంటే మాక్రోఫేజ్ చేసే గొప్ప పనుల్లో ఒకటి, న్యూట్రోఫిల్‌కు తెలియకుండా విషయాన్ని అక్కడికక్కడే ముగించడం. మనం రోజూ పీల్చే బ్యాక్టీరియాకు ఊపిరితిత్తి ప్రతిసారీ వాచిపోకపోవడానికి ఇదొక ముఖ్య కారణమని నేను నమ్ముతాను.

అదే పరిశోధనలో మరో సంగతి బయటపడింది. ఇన్‌ఫ్లుయెంజా సోకిన ఎలుకల్లో ఈ గస్తీ కుంటుపడింది, దానికి కారణం ఇంటర్‌ఫెరాన్ గామా సంకేతం. ఫలితంగా తరువాత వచ్చిన బ్యాక్టీరియా విజృంభించింది. పైన లెజియోనెల్లాను అదుపు చేస్తుందని నేను చెప్పిన అణువూ ఇదే. వైరస్‌పై పోరు కోసం టి కణాలు విడుదల చేసిన సంకేతం, తరువాత వచ్చే బ్యాక్టీరియా విషయంలో మాక్రోఫేజ్‌ను బలహీనపరుస్తుంది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో చనిపోయినవారి ఊపిరితిత్తుల నమూనాలను తరువాతి కాలంలో పరిశీలించినప్పుడు, మరణాల్లో అత్యధికం వైరస్ వెంట వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా వల్లనే అని తేలింది. కాబట్టి ఏ సైటోకైన్‌నైనా మంచిదనో చెడ్డదనో తరగతిలో చెప్పకుండా ఉంటే మంచిది. ఏ క్రిమి, ఏ కణం, ఏ సమయం అన్న మూడూ చెప్పనిదే ఆ ప్రశ్నకు అర్థం లేదు.

ఇక రెండో భాగం. న్యూట్రోఫిళ్ళు ఎక్కువ కాలం బతకవు. పని ముగిశాక వాటిలో చాలా భాగం పగిలిపోకుండా, ఎంజైములు లోపలే ఉండగా, క్రమపద్ధతిలో చనిపోతాయి. అలా చనిపోయిన కణం తన పైపొర మీద ఫాస్ఫాటిడిల్ సీరిన్ అనే కొవ్వు అణువును బయటికి తిప్పుతుంది, మాక్రోఫేజ్ దాన్ని గుర్తించి ఆ కణాన్ని మింగుతుంది. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది: చనిపోయిన న్యూట్రోఫిల్‌ను మింగిన మాక్రోఫేజ్ తన ధోరణి మార్చుకుంటుంది. టీఎన్ఎఫ్ తగ్గించి, టీజీఎఫ్ బీటా, ఇంటర్‌ల్యూకిన్-10 వంటి శాంతపరిచే సంకేతాలు ఇస్తుంది. ఆపమని చెప్పేది వేరే అధికారి కాదు, తన పని ముగించి చనిపోయిన కణమే. నియంత్రక టి కణాలు కూడా చేరి మరమ్మతుకు తోడ్పడతాయి. మింగడం ఆలస్యమైతే మాత్రం న్యూట్రోఫిళ్ళు అక్కడే పగిలి, మీరు భయపడిన ఎలాస్టేజ్ బయటపడి, వాపు కొనసాగుతుంది.

న్యుమోకాకస్ వల్ల వచ్చే లోబార్ న్యుమోనియాలో ఊపిరితిత్తి ఒక భాగమంతా కాలేయంలా గట్టిపడి కూడా, కోలుకున్న చాలామందిలో మళ్ళీ పూర్వపు ఆకృతికి వస్తుందని పాత కాలపు రోగనిర్ధారణ శాస్త్రజ్ఞులు శవపరీక్షల ద్వారా, రోగుల పరిశీలన ద్వారా ఎప్పుడో గమనించారు. అంత చీమూ ఎక్కడికి పోయిందన్నదానికి వివరణ ఈ మింగుడే.

సమాధానం 4: ఛాతీ వైద్యుడు

ఆపడం అన్న మాటకు చికిత్స వైపు నుంచి ఒక్క సంగతి. తీవ్రమైన న్యుమోనియాతో ఐసీయూలో చేరినవారికి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అన్న వాదన దశాబ్దాల పాటు నడిచింది. ఫ్రాన్స్‌లో జరిగి 2023 లో ప్రచురితమైన ఒక పెద్ద పరీక్షలో, రోజుకు 200 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్‌తో మొదలుపెట్టినవారిలో 28 రోజులకు మరణాలు 6.2 శాతం ఉండగా, ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 11.9 శాతం ఉన్నాయి. యాంటీబయాటిక్స్ రెండు గుంపులవారికీ అందాయి కాబట్టి, ఈ తేడా ఆ మందు శరీరం స్పందనను తగ్గించడం వల్ల వచ్చినదని భావించవచ్చు. అయితే ఇన్‌ఫ్లుయెంజా ఉన్నవారిని ఆ పరీక్షలో చేర్చలేదు, కాబట్టి ఈ ఫలితాన్ని వారికి వర్తింపజేయకూడదు. తీవ్రత తక్కువగా ఉన్న న్యుమోనియాకు కూడా ఇది వర్తించదు. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ మాత్రలు దగ్గు కోసం సొంతంగా వేసుకోవడం ప్రమాదకరమని మీ విద్యార్థులకు తప్పక చెప్పండి, ఎందుకంటే పైన చెప్పిన పిలుపులన్నింటినీ ఆ మాత్రలు బలహీనపరుస్తాయి.

సమాధానం 5: క్షయ పరిశోధనలో పనిచేస్తున్న సభ్యురాలు

అమీబా వాదన నాకు చాలా నచ్చింది, అందుకే దానికి ఎదురు ఉదాహరణగా క్షయను చేర్చాలనిపించింది. క్షయ బ్యాక్టీరియాకు ఇల్లు మనిషే. అది వేల ఏళ్ళుగా మన కణాల మధ్య సంభాషణ వింటూ బతికింది కాబట్టి, దాన్ని కత్తిరించడానికి కాక తనకు అనుకూలంగా మలచుకోవడానికి ప్రయత్నిస్తుంది.

మాక్రోఫేజ్ ఇంటర్‌ల్యూకిన్-12 ఇవ్వడం, టి కణం బదులుగా ఇంటర్‌ఫెరాన్ గామా ఇవ్వడం ఇక్కడా ప్రాణాధారమే. ఈ గొలుసులో జన్యులోపంతో పుట్టిన పిల్లలకు క్షయ నుంచి కాపాడే బీసీజీ టీకాయే తీవ్రమైన జబ్బు తెచ్చిన ఉదంతాలు ఉన్నాయి. కాని సంకేతం ఎక్కువైనా ముప్పే. కేంబ్రిడ్జ్‌లో పనిచేస్తున్న లలితా రామకృష్ణన్, ఆమె సహచరులు జీబ్రా చేప పిల్లల్లో, క్షయకు దగ్గరి చుట్టమైన మైకోబ్యాక్టీరియం మెరైనమ్‌తో దీన్ని కళ్ళకు కట్టారు. ఆ పిల్ల చేపల శరీరం పారదర్శకం కాబట్టి, మాక్రోఫేజ్ లోపల బ్యాక్టీరియా పెరగడాన్ని నేరుగా చూడవచ్చు. టీఎన్ఎఫ్ తక్కువైన చేపల్లో బ్యాక్టీరియా మాక్రోఫేజ్ లోపల అదుపు లేకుండా పెరిగి చివరికి దాన్ని చంపింది. టీఎన్ఎఫ్ మరీ ఎక్కువైన చేపల్లో మాక్రోఫేజ్‌లు మొదట బ్యాక్టీరియాను బాగానే చంపాయి, కాని తరువాత అవే పగిలిపోయాయి. అలా బయటపడ్డ బ్యాక్టీరియా కణాల వెలుపల, అడ్డుకునేవారు లేనిచోట, ఇంకా జోరుగా పెరిగింది.

మేడమ్ గారూ, మీ తరగతిలో లెజియోనెల్లా తరువాత ఈ చేపల ప్రయోగాన్ని చెప్పి, టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందు ఈ రెండు రకాల చేపల్లో దేనికి మేలు చేస్తుంది, దేనికి కీడు చేస్తుంది అని విద్యార్థులనే అడగండి. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి జవాబు ఏమిటో ఇక్కడ రాస్తే చదవాలని ఉంది.